ముసలితనానికి కొనే ప్లాటు.. ఏ జోన్‌లో ఉందో చూశారా?

శుక్రవారం మధ్యాహ్నం. బ్నీద్ అల్ గార్‌లో ఒక పాత బిల్డింగు, మూడో అంతస్తు గది. అన్నం తిని అందరూ మంచాల మీద వాలారు. రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం రంగురంగుల కాగితం ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు. ఆయనకు 57 ఏళ్లు. అందులో 24 ఏళ్లు కువైట్‌లోనే గడిచాయి. ఆ కాగితం ఊరి దగ్గర వేస్తున్న "సీనియర్ సిటిజన్ వెంచర్"ది. గుడి, చిన్న ఆస్పత్రి, మెస్సు, నడవడానికి బాట.. అన్నీ బొమ్మలో ఉన్నాయి. ఏజెంటు ఫోన్‌లో తొందర పెడితే 200 దినార్లు అడ్వాన్సుగా పంపేశాడు.

మిగతా డబ్బు పంపే ముందు మేనల్లుడికి చెప్పాడు. ఆ కుర్రాడు ఒకే ప్రశ్న అడిగాడు: "మామా, ఆ భూమి ఏ జోన్‌లో ఉంది?"

"జోనంటే ఏందబ్బా?" అన్నాడు పెద్దాయన.

ఈ వారం మన వ్యాసం ఆ ప్రశ్న గురించే.

జోన్ మనకు కొత్తేం కాదు

నిజానికి కువైట్‌లో బతికే మనకు జోన్ గురించి తెలిసినంతగా ఊళ్లో వాళ్లకు తెలియదు. పేరు తెలియకపోవచ్చు గానీ దెబ్బ తెలుసు. ఇక్కడ ఇళ్ల ప్రాంతాలను సొంత నివాసాల ప్రాంతం (సకన్ ఖాస్), అద్దె భవనాల ప్రాంతం (ఇస్తిస్మారీ) అని విడదీశారు. సొంత నివాసాల ప్రాంతాల్లో కుటుంబం లేకుండా ఉండేవాళ్లకు ఇళ్లు అద్దెకివ్వకూడదని 1992 నాటి 125వ నంబరు డిక్రీ చట్టం చెబుతోంది. ఊళ్లో భార్యాపిల్లలు ఉన్నా సరే, ఇక్కడ ఒంటరిగా ఉంటే మనం బ్యాచిలర్లమే. బలదియా వాళ్లు వచ్చి కరెంటు తీసేస్తే సామాను మూటగట్టుకుని బయటపడిన వాళ్లు మనలో ఎంతమంది లేరు! బ్నీద్ అల్ గార్ లాంటి అద్దె భవనాల ప్రాంతాల్లో మనవాళ్లు ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం ఇదే.

ఏ భవనం దేనికి కట్టారు, అందులో ఎవరు, ఎంతమంది ఉండొచ్చు అన్నది ఉత్త కాగితాల గొడవ కాదు. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికుల భవనంలో జరిగిన అగ్నిప్రమాదం మనమెవ్వరం మరిచిపోలేం. 190 మందికి పైగా కార్మికులున్న ఆ భవనంలో దాదాపు 50 మంది చనిపోయారు. గదుల మధ్య అడ్డుగా పెట్టిన మండే సామాను వల్ల పొగ వేగంగా కమ్మేసిందని అధికారులు చెప్పారు. 45 మంది భారతీయుల భౌతికకాయాలను జూన్ 14న వాయుసేన విమానంలో కొచ్చికి చేర్చారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు.

ఇక్కడ నిద్రపోయే చోటుకు నిబంధన ఉన్నట్టే, రేపు ఊళ్లో తలదాచుకునే చోటుకూ నిబంధన ఉంది. ఇక్కడైతే కఫీలో, ముదీరో చూసుకోవాలి. అక్కడ చూసుకోవాల్సింది మనమే.

ఎన్నాళ్లుంటాం ఇక్కడ?

కువైట్‌లో మనకు పెన్షన్ లేదు. మనకు దక్కేది సర్వీసు డబ్బు మాత్రమే. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, నెలజీతం మీద పనిచేసేవాళ్లకు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కగడతారు. ఎన్నేళ్లు చేసినా మొత్తం ఏడాదిన్నర జీతం మించదు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు వేరే చట్టం, 2015 నాటి 68వ నంబరుది, వర్తిస్తుంది. దాని ప్రకారం ఏడాదికి ఒక నెల జీతం వస్తుంది.

వయసు మీద పడితే అకామా మీద కూడా భరోసా ఉండదు. 60 దాటి, పెద్ద చదువు లేనివాళ్ల వర్క్ పర్మిట్లను 2021లో నిలిపేశారు. 2022లో ఏడాదికి 250 దినార్ల ఫీజు, దానిపైన ప్రైవేటు ఆరోగ్య బీమా కడితే రెన్యూవల్ చేస్తామన్నారు. నిబంధనలు వస్తుంటాయి, మారుతుంటాయి. మన వయసు మాత్రం వెనక్కి రాదు. అందుకే యాభై దాటగానే ప్రతివాడికీ ఊళ్లో ఒక చోటు కావాలనిపిస్తుంది. ఏజెంట్లకూ ఆ సంగతి తెలుసు. పిల్లలు దూరమవుతున్న కాలంలో "వృద్ధులకోసమే వెంచర్" అన్న మాట గుండెకు తగులుతుంది. అలా తగిలినప్పుడే బుర్రతో ఆలోచించాలి.

ఎరుపు రంగు కథ

పట్టణాలకు, వాటి చుట్టుపక్కల పల్లెలకు మాస్టర్ ప్లాన్ ఉంటుంది. ఏ సర్వే నంబరు దేనికి వాడాలో అందులో రంగులు వేసి చూపిస్తారు. సాధారణంగా పసుపు ఇళ్లకు, నీలం వ్యాపారానికి, ఊదా ఫ్యాక్టరీలకు, పచ్చ పార్కులకు, పొలాలకు. ఎరుపు మాత్రం బడులు, ఆస్పత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు, సేవా సంస్థల స్థలాలకు. దీన్నే పబ్లిక్, సెమీ పబ్లిక్ జోన్ అంటారు. మామూలు మాటల్లో సంస్థల భూమి.

పెద్దాయన మేనల్లుడు ప్లానింగ్ ఆఫీసుకు వెళ్లి సర్వే నంబరు చూపించాడు. అది ఎరుపులో ఉంది. ఏజెంటును అడిగితే, "వృద్ధాశ్రమం కూడా సంస్థే కదా, అందుకే ఎరుపులో వేశాం, ఇబ్బంది లేదు" అన్నాడు.

ఈ మాటలో సగం నిజం ఉంది. మోసం దాక్కునేది ఆ సగం నిజం వెనకే. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి వృద్ధాశ్రమాలను ఇళ్లతో కలపలేదు. అనాథాశ్రమాలతో పాటు సంస్థల భవనాల గుంపులో వేసింది. ఆస్పత్రులు, జైళ్లు కూడా ఆ గుంపులోనే ఉన్నాయి. మనలాంటి వాళ్లుండే డార్మిటరీలను మాత్రం నివాస భవనాల్లో చేర్చింది. కాబట్టి ఒక ట్రస్టు ఆశ్రమం కట్టి పెద్దవాళ్లను చూసుకుంటానంటే సంస్థల భూమిలో వీలుండొచ్చు. కానీ అదే భూమిని గజాల లెక్కన కోసి, విడివిడి ఇళ్ల ప్లాట్లుగా వందమందికి అమ్మడం వేరే సంగతి. దానికి ఆ భూమిని నివాస జోన్‌లోకి మార్చాలి. ఆ పని ఏజెంటు చేతిలో లేదు. ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు విని, ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. "మారుతుంది అన్నా, ఫైలు నడుస్తోంది" అంటే ఇంకా మారలేదనే అర్థం.

చేతికి వచ్చేది ఏమిటి?

వృద్ధుల ఇళ్ల పేరుతో మూడు రకాల బేరాలు జరుగుతాయి. మొదటిది, మన పేరున సేల్ డీడ్ రిజిస్టరయ్యేది. అది ఆస్తి. మన తర్వాత పిల్లలకు వస్తుంది. రెండోది లీజు. ఇన్నేళ్లని గడువుంటుంది. మూడోది, డిపాజిట్ కట్టి, నెలనెలా ఖర్చు ఇచ్చి ఉండేది. ఇందులో మనకు మంచం మీద హక్కే గానీ మట్టి మీద హక్కు లేదు. మూడింటిలో దేన్నీ తప్పనలేం. కానీ మూడోదాన్ని మొదటిదిగా చెప్పి అమ్మితే అది మోసం. మనం పోయాక డిపాజిట్ ఎవరికిస్తారు, మధ్యలో బయటికొస్తే ఎంత కోస్తారు, నెల ఖర్చు ఎంతవరకు పెంచొచ్చు.. ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపులు, జారని నేల, అత్యవసర గంట లాంటివి ఉండాలని, కట్టినవాడికి, సేవలు చేసేవాడికి, ఉండేవాళ్లకు మధ్య ఒప్పందం ఉండాలని అందులో ఉంది. అయితే ఇవి నమూనా మాత్రమే. రాష్ట్రం తన నిబంధనల్లో చేర్చుకుంటేనే బలం. రెరా అలా కాదు, అది 2016లో వచ్చిన చట్టం. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన వెంచర్‌ను రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా రెరా వెబ్‌సైట్లలో వెంచర్ నంబరు చూసుకోవచ్చు. ఫోన్‌లో ఐదు నిమిషాల పని.

పొలం ముక్క.. అసలు కొనొచ్చా?

ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. ఉద్యోగం కోసం విదేశంలో ఉన్న మనం ఫెమా చట్టం లెక్కలో ప్రవాసులం. ప్రవాసులు ఊళ్లో ఇల్లు, ఇంటి స్థలం, షాపు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. తండ్రి తాతల నుంచి వారసత్వంగా వస్తే ఇబ్బంది లేదు. కాబట్టి "ఫామ్ ప్లాటు, మామిడి మొక్కలతో సహా" అని అమ్మేవాడు మనకు ధర ఒక్కటే చెబుతున్నాడు, చిక్కు చెప్పడం లేదు. ఉల్లంఘిస్తే ఆ మొత్తానికి మూడింతల వరకు జరిమానా వేయొచ్చు. ఇంటి స్థలం కొన్నా డబ్బు బ్యాంకు ద్వారానే, ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా నుంచి వెళ్లాలి. చేతికి దినార్లు ఇచ్చి ఊళ్లో సర్దుకోవడం పనికిరాదు.

"ఆంధ్రలో నాలా తీసేశారు కదా, ఇక పొలమంతా ప్లాటే" అని కూడా చెబుతున్నారు. 2006లో వచ్చిన నాలా చట్టాన్ని 2025లో రద్దు చేసిన మాట నిజమే. అంతమాత్రాన లేఅవుట్ అనుమతి అక్కర్లేదని కాదు, మాస్టర్ ప్లాన్ పోయిందనీ కాదు.

డబ్బు పంపే ముందు

ఒకటి, సర్వే నంబరు అడగండి. ఇవ్వనివాడికి అక్కడే సలాం చెప్పండి.

రెండు, ఆ నంబరు ఏ జోన్‌లో ఉందో ప్లానింగ్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మూడు, లేఅవుట్ నంబరు, రెరా నంబరు, ఈసీ చూడండి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా, అంటే 22ఏలో ఉందేమో చూడండి. డి.పట్టా భూమి అయితే మరీ జాగ్రత్త.

నాలుగు, లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలంగా అందరికీ వదలాలి. బ్రోచర్‌లో పార్కు, ఆస్పత్రి అని చూపించిన చోటే తర్వాత ప్లాట్లుగా అమ్ముతుంటారు. అనుమతి పొందిన ప్లాన్‌తో బ్రోచర్‌ను పక్కపక్కన పెట్టి చూడమనండి.

ఐదు, ఊళ్లో ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే, అది ఆ ఒక్క ప్లాటుకే పరిమితమయ్యేలా రాయించండి. ఎంబసీలో ధ్రువీకరించిన కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు వేయించాలి.

ఆరు, ఇల్లు పిల్లల పేరున రాసేవాళ్లు "మమ్మల్ని చూసుకోవాలి" అన్న షరతును దస్తావేజులోనే రాయించండి. చూడకపోతే, 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయొచ్చు. అలా చేసినప్పుడు ఇల్లు తిరిగి అప్పగించమనే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. షరతు నోటిమాటగా ఉంటే నిరూపించడం కష్టం.

ఏ ఆసరా లేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటైనా, 150 మందికి సరిపడే ఆశ్రమాన్ని ప్రభుత్వం పెట్టొచ్చని ఆ చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. ఆ గుమ్మం తొక్కాల్సిన రోజు మనకెవరికీ రాకూడదనే ఈ జాగ్రత్తలన్నీ.

పెద్దాయన సంగతి

200 దినార్లు తిరిగి రాలేదు. "మూడు నెలల ఇంటి ఖర్చు పాయె, కానీ ఇరవై నాలుగేళ్ల కష్టం మిగిలె" అన్నాడు పెద్దాయన. మొన్న శుక్రవారం మళ్లీ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ఈసారి అది బ్రోచర్ కాదు. ఊళ్లో నాయన వదిలిపోయిన ఐదు సెంట్ల ఇంటి స్థలం కాగితం, జెరాక్స్. అది గ్రామకంఠంలో ఉంది. చుట్టూ అన్నదమ్ముల ఇళ్లు. రెండు గదులు, మెట్లు లేని గుమ్మం, ఇంటి లోపలే బాత్రూమ్.. పెన్నుతో గీస్తున్నాడు.

"దీంట్లో ఆస్పత్రి లేదన్నా" అని గదిలో కుర్రాడెవరో నవ్వాడు.

"ఆస్పత్రికి తీసకపోయే మనుషులుండారు గదబ్బా" అన్నాడాయన, తలెత్తకుండానే.