మూడు అక్షరాలు, ఒక హృదయం

పుస్తకం అట్టమీది బొమ్మా, గోడమీది సినిమా ప్రకటనా, సబ్బుకాగితం మీది అక్షరాలూ ఎవరో ఒకరు ఆలోచించి వేసినవే. ఈ పని చేసేవారిని గ్రాఫిక్ డిజైనర్లు అంటారు. వీరి బొమ్మలను లక్షలమంది చూస్తారు. వేసినవారి పేరు మాత్రం చాలామందికి తెలియదు. అటువంటివారిలో ఒకడు మిల్టన్ గ్లేజర్.

గ్లేజర్ 1929లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో పుట్టాడు. తండ్రికి బట్టలు కుట్టే దుకాణం ఉండేది. గ్లేజర్‌కు అయిదేళ్ళప్పుడు బంధువుల కుర్రవాడొకడు కాగితపు సంచీ పట్టుకువచ్చి, పిట్టను చూస్తావా అని అడిగాడు. సంచీలో పిట్ట ఉన్నదనుకున్నాడు గ్లేజర్. ఆ కుర్రవాడు పెన్సిలు తీసి సంచీమీదనే పిట్టబొమ్మ వేశాడు. ఏమీ లేనిచోట పిట్ట పుట్టటం చూసి, తానుకూడా జన్మంతా బొమ్మలే వేయాలని గ్లేజర్ నిశ్చయించుకున్నాడు.

ఆయన కూపర్ యూనియన్ అనే కళాశాలలో చదివి, ఇటలీ వెళ్ళి మరికొంత విద్య నేర్చాడు. 1954లో మిత్రులతో కలిసి న్యూయార్కులో పుష్ పిన్ అనే చిత్రశాల పెట్టాడు. ఆ మిత్రులంతా ఒకచోట కూర్చుని పుస్తకాలకూ, పత్రికలకూ, పాటల రికార్డులకూ బొమ్మలు వేసేవారు. బాబ్ డిలన్ అనే గాయకుడి ముఖాన్ని గ్లేజర్ నల్లని నీడలాగా, జుట్టును రంగురంగుల పాయలుగా వేశాడు. ఆ బొమ్మ లక్షల ఇళ్ళ గోడలకెక్కింది.

1975లో న్యూయార్కు నగరం దివాలా తీసే స్థితికి వచ్చింది. నేరాలు పెరిగాయి. చాలామంది ఊరు విడిచిపోసాగారు. యాత్రికులను రప్పించటానికి ఒక చిహ్నం కావాలని రాష్ట్రప్రభుత్వంవారు గ్లేజర్‌ను కోరారు. ఆయన వేసి ఇచ్చిన చిహ్నం వారికి నచ్చింది; కాని ఆయనకు తృప్తి కలగలేదు. ఒకనాడు టాక్సీలో పోతూండగా మరొక ఊహ తట్టింది. వెంటనే జేబులోని కవరుమీద ఎర్రరంగుతో దాన్ని గీశాడు. "నేను" అనటానికి ఐ అనే ఇంగ్లీషు అక్షరం, "ప్రేమిస్తాను" అనటానికి హృదయం బొమ్మ, ఊరిపేరుకు ఎన్, వై అనే రెండక్షరాలు. అంతే!

1977లో ఆ చిహ్నం ప్రచారంలోకి వచ్చింది. తన ఊరికోసం చేసిన ఈ పనికి గ్లేజర్ డబ్బు పుచ్చుకోలేదు. ఆ కవరుముక్క ఇప్పుడు న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియంలో ఉన్నది.

2001 సెప్టెంబరు 11న ఉగ్రవాదులు ఆ నగరంలోని రెండు మహాభవనాలను విమానాలతో కూల్చి, వేలమందిని చంపారు. అప్పుడు గ్లేజర్ తన పాత చిహ్నంలోని హృదయానికి ఒక అంచున నల్లని మచ్చ పెట్టి, కింద "మునుపటికన్నా ఎక్కువగా" అని చేర్చాడు. ఒక దినపత్రిక దాన్ని అచ్చువేసింది. గాయపడిన నగరం తన బాధనూ, ప్రేమనూ ఆ బొమ్మలో చూసుకున్నది.

2020లో, తన 91వ పుట్టినరోజునే గ్లేజర్ మరణించాడు. ఆయన పేరు తెలియనివారు కూడా ఆ హృదయాన్ని చూడగానే గుర్తుపడతారు.