కొండదారిని కిలోమీటర్లతో కొలవకండి: మౌంటెన్ సైక్లింగ్ అపోహలు – వాస్తవాలు

అరకు దగ్గరి గాలికొండకు దిగువన ఓ గిరిజన గూడెం. డిసెంబరు నెల, సాయంత్రం నాలుగున్నర. మేం నలుగురం, నాలుగు సైకిళ్లు. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. ఫోనులో గీసుకున్న దారి పొడవు 18 కిలోమీటర్లు. “మూడు గంటల్లో అయిపోతుంది” అని మిగతా ముగ్గురికీ మాటిచ్చింది నేనే. ఏడున్నర గంటలు గడిచినా పదకొండో కిలోమీటరు దగ్గరే ఉన్నాం. ఇద్దరి సీసాల్లో నీళ్లు అయిపోయాయి. ఒకరి మోకాలు చెక్కుకుపోయి రక్తం గడ్డకట్టింది. ముందున్నదంతా ఎక్కుడే.

ఇంటి ముందు కాఫీ గింజలు ఆరబోసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని, సైకిళ్లను మార్చి మార్చి చూశాడు. “ఇటెందుకొచ్చేసినారు బాబూ? ఇది మేకలెళ్లే దారి. సైకిలుకైతే అటు బండిదారి ఉంది కదా” అన్నాడు. లోపలికెళ్లి బిందెడు నీళ్లు తెచ్చి పెట్టాడు. తర్వాత వాళ్లబ్బాయిని తోడిచ్చి మమ్మల్ని ఆ బండిదారి ఎక్కించాడు. మేం తారురోడ్డు చేరేసరికి చిమ్మచీకటి.

ఆ రోజు మా కాళ్లలో బలం లేక కాదు, సైకిళ్లు మంచివి కాక కాదు. తప్పంతా దారి ఎంపికలో జరిగింది. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి కొండలకు సైకిళ్లు తీసుకెళ్లే కుర్రాళ్లతో మాట్లాడినప్పుడల్లా నేను నమ్మిన మాటలే మళ్లీ వినబడుతుంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: దూరం తక్కువైతే దారి తేలిక

అన్నిటికన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. మైదానంలో సైకిలు తొక్కినవాడికి గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల లెక్క ఒంటబట్టి ఉంటుంది. కొండల్లో ఆ లెక్క పనికిరాదు.

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు కొండల్లో నడిచేవాళ్ల కోసం ఒక సూత్రం చెప్పాడు. ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ప్రతి 2,000 అడుగుల ఎక్కుడికి ఇంకో గంట. అంటే దాదాపు 5 కిలోమీటర్లకు ఒకటి, 600 మీటర్ల ఎత్తుకు ఒకటి. సైకిలుకు ఆ అంకెలు అతకవు గానీ, దూరాన్నీ ఎక్కుడినీ విడివిడిగా లెక్కగట్టాలన్న తెలివి అతుకుతుంది. మా 18 కిలోమీటర్ల దారిలో ఎక్కుళ్లన్నీ కలిపితే 900 మీటర్లు. నైస్మిత్ లెక్కన ఉత్త చేతులతో నడిస్తేనే ఐదుంబావు గంటలు పట్టే దారి. దానికి నేను మూడు గంటలిచ్చాను, అదీ సైకిలు తోసుకుంటూ.

ఎక్కుడు ఎంతుందో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలు 2017 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ పటంలో ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. గోధుమరంగులో వంకర్లు తిరిగే సన్నని గీతలుంటాయి, కొండప్రాంతపు పటాల్లో సాధారణంగా ఒక్కో గీతకు 20 మీటర్ల ఎత్తు తేడా. స్కేలు పెట్టి, మీ దారి ఒక సెంటీమీటరు పొడవునా ఎన్ని గీతల్ని దాటుతుందో లెక్కపెట్టండి. రెండు మూడు దాటితే వాలు 10 శాతం అటూ ఇటూ. తొక్కగలరు, చెమట పడుతుంది. ఐదు దాటితే అర కిలోమీటరులో వంద మీటర్లు, అంటే 20 శాతం. రాళ్లు తేలిన నేల మీద అంత వాలులో మనలో ఎక్కువమందిమి దిగి తోయాల్సిందే. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. రెండు గీతల మధ్య 15 మీటర్ల పల్లం ఉన్నా పటం చూపించకపోవచ్చు. ఉత్తరాంధ్ర కొండల్లో అడుగడుగునా గెడ్డలు, అంటే వాగులు. అలాంటివి పది దాటారంటే, పటానికి తెలియని 150 మీటర్లు మీ కాళ్లకు తెలుస్తాయి.

రెండు ఊళ్ల ఎత్తుల తేడా చూసి నిశ్చింతగా ఉండటం కూడా పొరపాటే. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, బొర్రా 700 దగ్గర. కాగితం మీద అరకు నుంచి బొర్రాకు 200 మీటర్ల దిగుడు. కానీ రోడ్డు మీద వెళ్లినా సుంకరిమెట్ట దాటి గాలికొండ ఎక్కాకే ఆ దిగుడు మొదలవుతుంది.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగడం హాయి

మౌంటెన్ బైకు పుట్టిందే దిగుడు మీద. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు మెరిన్ కౌంటీ కొండల్లో 1976 అక్టోబరులో కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లతో పోటీ పెట్టుకున్నారు. మూడున్నర కిలోమీటర్ల లోపు మట్టిదారి, దిగుడు దాదాపు 400 మీటర్లు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక చక్రం హబ్బులో ఉండేది. కిందికి చేరేసరికి అది కాలిపోయి, లోపలి గ్రీజంతా పొగై పోయేది. మళ్లీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరుకోవాలి. ఆ పనివల్లే ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది. సగటు వాలు 12 శాతమే, అయినా ఇనుము కాలిపోయింది.

ఇప్పటి డిస్కు బ్రేకులు చాలా మెరుగు. అయినా భయంతో బ్రేకును అలాగే నొక్కిపట్టి అరగంట దిగితే వేడెక్కి పట్టు సడలుతుంది. అంతకన్నా ముందు మన వేళ్లు సడలుతాయి. ఆ డిసెంబరు రోజున మాలో మోకాలు చెక్కుకున్న మిత్రుడు పడింది ఎక్కుడులో కాదు, 40 నిమిషాలు ఏకధాటిగా దిగాక. రెండు చేతులూ తిమ్మిరెక్కి, చిన్న రాయి దగ్గర బ్రేకు నొక్కబోతే వేళ్లు కదల్లేదన్నాడు. పక్కనే ఆగి చూశాను, బ్రేకు పళ్లెం అంచు నీలంగా మారింది. అందుకే దారి ఎంచుకునేటప్పుడు దిగుడు ఎంత పొడవో కాదు, మధ్యలో చేతులు దులుపుకోవడానికి చదును ఎక్కడెక్కడ ఉందో చూడాలి. పొద్దున్నే హాయిగా దిగిన లోయలోంచి సాయంత్రం అలసిన కాళ్లతో పైకి రావాలని కూడా గుర్తుంచుకోవాలి. వీలైతే ముందు ఎక్కి తర్వాత దిగే దారినే పట్టండి.

అపోహ: నీలం గుర్తున్న దారి ఎక్కడైనా నీలమే

విదేశాల్లో సైకిలు తొక్కి వచ్చిన మనవాళ్లు తరచుగా అనే మాట ఇది. అమెరికాలో మొదలైన మౌంటెన్ బైకర్ల అంతర్జాతీయ సంఘం మంచుకొండల స్కీయింగ్ గుర్తుల నమూనాలో ఒక పద్ధతి తయారుచేసింది. ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కఠినం. నీలం అంటే దారి కనీసం రెండడుగుల వెడల్పుంటుంది, తప్పించుకోలేని అడ్డంకులు 8 అంగుళాల దాకా ఉండొచ్చు. బ్రిటన్‌లో నీలానికీ నలుపుకీ మధ్య ఎరుపు ఉంది, కాబట్టి బ్రిటన్ మెట్లూ అమెరికా మెట్లూ ఒకటి కావు. పైగా గుర్తు పెట్టేవాళ్లు తమ ఊళ్లోని మిగతా దారులతో పోల్చి పెడతారు.

మన కొండల్లోనైతే ఈ గుర్తుల మాటే చాలాచోట్ల లేదు. ఎవరి అంచనా వాళ్లే వేసుకోవాలి. నేను మూడు సంగతులు చూస్తాను. అన్నిటికన్నా ఇరుకైన చోట వెడల్పెంత? అన్నిటికన్నా ఎత్తైన మెట్టు ఎంత? పడితే ఎక్కడ పడతాం? మూడోది నాకు ముఖ్యం. చదునైన అడుగు వెడల్పు బాటే అయినా, పక్కన లోయ ఉంటే నేను దిగి నడుస్తాను. నాతో వచ్చినవాళ్లనీ నడవమంటాను.

అపోహ: బండ జారుతుంది, మట్టే నయం

అమెరికాలో యూటా రాష్ట్రపు మోఆబ్ ఊరి పక్కన స్లిక్‌రాక్ అనే పేరుగల ట్రయల్ ఉంది. 1969లో మోటారు సైకిళ్ల కోసం వేసినది, తర్వాత మౌంటెన్ బైకర్లకు తీర్థమైంది. ఆ పేరుకు నున్నని, జారే బండ అని అర్థం. ఇనుప నాడాలు కొట్టిన గుర్రాలు ఆ ఇసుకరాతి మీద జారేవి కాబట్టి అలా పిలిచారు. రబ్బరు టైరుకు మాత్రం పొడిగా ఉన్నప్పుడు అది గరుకు కాగితంలా అంటుకుంటుంది. మన హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టలూ పొడిగా ఉంటే అంతే, నాచు పట్టిన చోట్ల తప్ప.

అసలు భయపడాల్సింది మట్టికి. తూర్పు కనుమల్లో అరకు వైపు భాగమంతా ఎక్కువగా ఖోండలైట్ శిల. ఖోండ్ గిరిజనుల పేరు మీదే శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. అది శిథిలమై ఎర్రమట్టి అవుతుంది, పైన గుండ్రటి గులకలు తేలతాయి. ఎండాకాలంలో ఆ గులకల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టారో, శనగలు పోసిన గచ్చు మీద కాలు పెట్టినట్టే. వానాకాలంలో అదే నేల సబ్బవుతుంది, మట్టి టైరుకు పట్టి చక్రం తిరగదు. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ ఆకులు మందంగా రాలి కింద రాయుందో గొయ్యుందో తెలియనివ్వవు.

వాన వెలిసిన మర్నాడే కొండలు అందంగా ఉంటాయి. మనసు లాగుతుంది. కానీ తడి నేలలో మన టైరు చేసిన గాడిలోంచే తర్వాతి వాన నీరు పారుతుంది, గాడి కాలవ అవుతుంది. ఆ బాట మీద రోజూ బరువులు మోసుకుని నడిచేవాళ్లున్నారు. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా, తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరుల్లో వాన పడ్డాక నాలుగైదు రోజులు, నేను మట్టి బాటలు వదిలేసి రాళ్లు పరిచిన బండిదారులకే పోతాను.

అపోహ: మంచి సైకిలుంటే ఏ దారైనా ఒకటే

సస్పెన్షన్ కుదుపును తగ్గిస్తుంది, వాలును తగ్గించదు. పల్లేరు కాయ గుచ్చుకుంటే ట్యూబ్‌లెస్ టైరులోని సీలెంట్ మూసేస్తుంది, రాయి పక్కగోడను కోస్తే మూయలేదు. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

అపోహ: యాప్‌లో గీత ఉందంటే దారి ఉన్నట్టే

దూరపు కొండలు నునుపు. ఉపగ్రహ చిత్రం చూస్తే ఈ సామెత ఎంత నిజమో తెలుస్తుంది. యాప్‌లో ముదురు రంగు గీత చాలామంది వెళ్లారని చెబుతుంది గానీ, కాలినడకన వెళ్లారా, ఏ నెలలో వెళ్లారు, ఏ వైపు నుంచి వెళ్లారు అన్నది చెప్పదు. ఒకవైపు నుంచి ముచ్చటైన ఎక్కుడు, అటునుంచి చూస్తే ప్రాణాంతకమైన దిగుడు కావచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు కూలి బాటలకు అడ్డంగా పడ్డాయి. పటంలో మాత్రం గీతలు అలాగే ఉన్నాయి. ఊరి పేరు కూడా సరిచూసుకోండి. అనంతగిరి ఒక్కటే కాదు. ఒకటి అరకు దారిలోది, ఇంకోటి వికారాబాదు దగ్గర మూసీ పుట్టే చోటు. నేల వేరు, ఎత్తు వేరు, తొక్కే తీరు వేరు.

గూడెంలో అడగడాన్ని మించిన సాధనం లేదు. అయితే “దారి ఉందా?” అని అడక్కండి, ఉందనే అంటారు. నిజంగానే ఉంటుంది, వాళ్ల కాళ్లకు. “మోటారు సైకిలు వెళ్తుందా?” అని అడగండి. వెళ్తుందంటే మీకు ధైర్యం. “నడిచే వెళ్తాం” అంటే ఆ మాటలోనే జవాబుంది.

అపోహ: అడవి ఎవరిదీ కాదు, దారి అందరిదీ

దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అభయారణ్యంలోకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వెళ్లకూడదు. రిజర్వు ఫారెస్టులో కూడా ముందు అటవీశాఖ వారిని అడగాలి. చట్టం సంగతి అలా ఉంచండి. ఆ సన్నని బాటలు ఎవరో సరదాకు వేసినవి కావు. చేలకూ, బడికీ, నీళ్లకూ, సంతకూ వెళ్లే కాళ్లు తరతరాలుగా వేసినవి. తల మీద కట్టెల మోపుతో ఎదురొచ్చే అమ్మకు పక్కకు తప్పుకోవడం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. దిగాల్సింది మనమే, ఆగాల్సింది మనమే. సంత రోజున ఆ బాటల జోలికి పోకుండా వేరే దారి చూసుకోవాలి. కోతకొచ్చిన పోడు చేను మధ్యలోంచి దారి పోతుంటే, చుట్టు తిరిగైనా దాన్ని వదిలేయాలి.

అపోహ: కొంతదూరం వచ్చాక వెనక్కి తిరగడం దండగ

ఆ రోజు ఐదో కిలోమీటరు దగ్గర, మధ్యాహ్నం ఒంటిగంటకు, నలుగురిలో ఒకరు “వెనక్కి పోదామా?” అన్నారు. చీకటి సంగతి ఆలోచించకుండా వద్దన్నాను. మన కొండలు దేశానికి తూర్పు వైపున ఉన్నాయి, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. డిసెంబరులో ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. లోయల్లో కొండ నీడ ఇంకా ముందే కమ్ముకుంటుంది. ఇప్పుడు బయల్దేరే ముందే ఒక గడియ నిర్ణయించుకుంటాం. ఆ వేళకు అనుకున్న చోటికి చేరకపోతే, ఎవరి వాదనా వినకుండా తిరిగొచ్చేస్తాం. ఆ వేళ నిర్ణయించేది గుంపులో అందరికన్నా నిదానంగా తొక్కేవాళ్లు.

మరుసటి జనవరిలో అదే గూడేనికి మళ్లీ వెళ్లాం, ఈసారి బండిదారిన, అవతలి వైపు నుంచి. ముందంతా ఎక్కుడు. రెండుచోట్ల దిగి తోశాం. పదకొండు గంటలకల్లా పెద్దాయన ఇంటి ముందున్నాం. ఆయన గింజలు ఆరబోసిన పట్టాను కాస్త పక్కకు లాగి సైకిళ్లు పెట్టుకోవడానికి చోటిచ్చాడు. “ఇప్పుడు సరైన దారినొచ్చినారు” అన్నాడు.