పోర్టు సయీదు క్రీడాస్థలమునందలి ఘోరము

ఫుట్‌బాలాటలో గెలుపోటములకు కేకలు వేయుట మన విద్యార్థు లెల్లరు నెఱిగినదే. కాని యాట చూడవచ్చినవారిలో డెబ్బదిమందికి పైగా నింటికి తిరిగి రాకపోవుట కేవల మాటవేడిమిచేతనే సంభవించునా? 2012వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఈజిప్టు దేశమున జరిగిన దొమ్మిని విచారించినచో, దాని వేళ్లు ఆటస్థలమునకు వెలుపల కనబడును.

పోర్టు సయీదు సూయజు కాలువ ముఖమున నున్న రేవుపట్టణము. 1869లో కాలువ తెఱవబడిన పిమ్మట మన దేశమునుండి ఓడలపై సీమకు పోవువారు పెక్కుకాలము దానిని దాటియే పోయెడివారు. ఆ దిన మచ్చట నా యూరి అల్ మస్రీ జట్టును, కైరో నగరపు అల్ అహ్లీ జట్టును తలపడినవి. రెండును పరప్రభుత్వకాలమున పుట్టిన సంఘములే. అహ్లీ యనగా 'జాతీయము'. అది 1907లో స్థాపింపబడెను. మస్రీ యనగా 'ఈజిప్టువాడు'. విదేశీయులు నిండిన యా రేవులో స్వదేశీయులు 1920లో దానిని నెలకొల్పిరి. ఒకే దేశాభిమానమున పుట్టిన యీ రెండింటికి నిట్టి వైర మేర్పడుట విచిత్రము.

అధ్యక్షుడు ముబారకు 1981 మొదలు దాదాపు ముప్పదేండ్లు పాలించెను. ఆ కాలమంతయు అత్యవసర శాసనము అమలులో నుండెను. వీధిలో సభచేయుటకు వీలులేని యా దినములలో వేలకొలది యువకులు గుమిగూడి గొంతెత్తగల చోట్లలో క్రీడాస్థలము ముఖ్యమైనది. 2007లో అహ్లీ పక్షమున 'అల్ట్రాసు' అను అభిమానిదళ మేర్పడెను. వీరు తఱచుగా పోలీసువారితో పెనగులాడుచు, లాఠీలకును బాష్పవాయువునకును జంకకుండుట నేర్చిరి. 2011 జనవరిలో ప్రజలు తహ్రీరు చౌకమున తిరుగబడినపుడు ఆ యభ్యాసము అక్కఱకు వచ్చెను. ఫిబ్రవరి 11న ముబారకు పదవి వదలెను. సేనాధిపతుల మండలి అధికారము వహించెను. అల్ట్రాసుల పాటలు మాత్రము పోలీసులను నిందించుట మానలేదు.

పోర్టు సయీదులో గెలిచినది మస్రీయే. వారికి మూడు గోలులు, అహ్లీకి ఒకటి. ఓడినవా రల్లరిచేయుట వినియున్నాము గాని, యిచ్చట గెలిచినవారి పక్షమే ఈల ఊదగానే మైదానముపై బడి అహ్లీవారి వైపు పరుగెత్తెను. పోలీసువారు చూచుచు నిలువబడిరి. అహ్లీవారు వెలుపలికి పోవలసిన ద్వారము మూయబడి యుండెను. ఇరుకుదారిలో నొకరిపై నొకరు పడి ఊపిరాడక పెక్కురు చనిపోయిరి. కొందఱు కత్తిపోట్లచేతను, ఎత్తునుండి పడియు మరణించిరి.

తహ్రీరునకు ప్రతీకారముగనే రక్షకు లూరకుండిరని అల్ట్రాసుల వాదము. అసలు దోషులను విడిచి తమ యూరిపై నింద మోపిరని పోర్టు సయీదువారి మొఱ. నాకు రెండింటిలోను కొంత న్యాయము కనబడుచున్నది. ఆ తలుపు తెఱచియున్నచో నెన్ని ప్రాణములు నిలిచియుండునో!

2013 జనవరి 26న న్యాయస్థానము 21 మందికి మరణశిక్ష విధించెను. (పునర్విచారణానంతరము 2017లో పై న్యాయస్థానము పదిమందికి మాత్రమే దానిని స్థిరపఱచెను.) కైరోలో అహ్లీవారు సంతోషించిరి. పోర్టు సయీదులో జనులు కారాగృహముపైకి దూకిరి. అప్పటి కలహములలో ముప్పదిమందికి పైగా మడిసిరి. అధ్యక్షుడు మోర్సీ కాలువతీరపు మూడు పట్టణములలో రాత్రివేళ వెలుపల తిరుగరాదని యాజ్ఞాపించెను. ఆ యాజ్ఞను ధిక్కరించుటకు జను లేమి చేసిరో తెలియునా? ఆ నిషిద్ధవేళలోనే వీధులకు వచ్చి ఫుట్‌బా లాడిరి.