తుంటి మార్పిడి ఆపరేషన్ తర్వాత తూలకుండా నిలబడటం ఎలా?

పేషెంట్లకు, ఇంట్లో చూసుకునేవారికి సమాచారం

ఇది ఎవరి కోసం?

తుంటి కీలు అరిగిపోయినవారికి, తుంటి బంతికి రక్తం అందక దెబ్బతిన్నవారికి, పడిపోయి తుంటి ఎముక విరిగిన పెద్దవారికి డాక్టర్లు తుంటి మార్పిడి ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక చాలామంది అనే మాట ఒకటే: "నొప్పి పోయింది, కానీ నిలబడితే తూలుతున్నట్టుంది." ఎందుకలా అవుతుంది, ఏం చేయాలి, ఏ సాయం ఉచితంగా దొరుకుతుంది అన్నది ఇక్కడ చదవండి.

తూలడం ఎందుకు?

కీలు కొత్తదే. దాని చుట్టూ ఉన్న కండరాలు మాత్రం పాతవే. అసలు కారణాలు ఇవి:

• తుంటి పక్క కండరం బలహీనంగా ఉంటుంది. మనం ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుము ఒక పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది ఇదే. నడిచే ప్రతి అడుగులోనూ ఒక క్షణం ఒంటికాలి మీదే ఉంటాం కదా. అందుకే ఈ కండరం నీరసిస్తే నడక ఊగుతుంది.
• నొప్పితో నెలలు, ఏళ్లు కుంటినవారికి ఆ కుంటడమే అలవాటుగా మిగులుతుంది. శరీరం బరువంతా మంచి కాలి మీదే వేస్తుంటారు.
• కాలు ఎక్కడుందో, ఎంత వంగిందో మెదడుకు చెప్పే నరాల కొసలు కీలు చుట్టూ ఉండే పొరలో ఉంటాయి. ఆపరేషన్‌లో అవి కొంత దెబ్బతింటాయి.
• నొప్పి మాత్రలు, బీపీ మాత్రల వల్ల లేవగానే కళ్లు తిరగొచ్చు.
• భయం. పడతామేమో అని బిగుసుకుపోయి నడిస్తే ఇంకా తూలుతుంది.

మొదటి వారాల్లో రెండు కాళ్లు ఎక్కువతక్కువ ఉన్నట్టు కూడా అనిపించవచ్చు. చాలామందికి కండరాలు సర్దుకున్నాక ఇది తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు చెప్పు కింద ముక్క వేయించుకోవద్దు.

పడితే ఏమవుతుంది?

కొత్త కీలు జారిపోవచ్చు, లేదా అమర్చిన రాడ్డు చుట్టూ ఎముక విరగవచ్చు. అప్పుడు మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు. అది మొదటిదానికంటే కష్టమైనది. కాబట్టి "మా అమ్మ గట్టిది, కర్ర లేకుండానే తిరుగుతోంది" అని తొందరపడి సంబరపడకండి. కర్ర పట్టుకోవడం నామోషీ కాదు.

లేవడం, నడవడం: సరైన పద్ధతి

1. మంచం మీద నుంచి లేవగానే నడవొద్దు. అంచున ఒక నిమిషం కూర్చోండి. నిలబడ్డాక పది లెక్కపెట్టి అప్పుడు అడుగు వేయండి.
2. కుర్చీలో నుంచి లేచేటప్పుడు ముందుకు జరిగి, ఆపరేషన్ కాలు కాస్త ముందుకు చాపి, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవండి. వాకర్‌ని పట్టుకుని లాగితే అది మీ మీదకే ఒరుగుతుంది.
3. వాకర్‌తో నడిచేటప్పుడు ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు.
4. కర్రకు మారాక దాన్ని ఆపరేషన్ కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. కుడి తుంటికి ఆపరేషన్ అయితే కర్ర ఎడమ చేతిలో. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటారు.
5. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు.
6. వెనక్కి తిరగాలంటే ఆపరేషన్ కాలి మీద గిర్రున తిరగొద్దు. చిన్న చిన్న అడుగులతో తిరగండి.

ఆ కాలి మీద ఎంత బరువు వేయొచ్చు అన్నది ఆపరేషన్ పద్ధతిని బట్టి మారుతుంది. డిశ్చార్జ్ కాగితంలో ఆ మాట స్పష్టంగా రాయించుకోండి. వెనక వైపు నుంచి ఆపరేషన్ చేసినవారు డాక్టర్ చెప్పేదాకా మూడు పనులు చేయకూడదు: తుంటిని 90 డిగ్రీలకు మించి వంచడం, కాలు మీద కాలు వేసుకోవడం, ఆ కాలిని లోపలికి తిప్పడం. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం కూడా ఇందులోకే వస్తాయి.

నిలకడ పెంచే వ్యాయామాలు

ఫిజియోథెరపిస్టు సరే అన్నాకే మొదలుపెట్టండి. వంటగట్టు గానీ కిటికీ ఊచలు గానీ గట్టిగా పట్టుకోండి. వెనక ఒక కుర్చీ, పక్కన ఒక మనిషి ఉండాలి.

• బరువు మార్చడం: పాదాలు కాస్త ఎడంగా పెట్టి, బరువును మెల్లగా ఒక కాలి మీదకు, తర్వాత రెండో కాలి మీదకు తీసుకెళ్లండి. 10 సార్లు.
• కాలు పక్కకు ఎత్తడం: ఒళ్లు ఒరగకుండా, కాలిని నిటారుగా పక్కకు ఎత్తి దించండి. 10 సార్లు. తుంటి పక్క కండరానికి బలం ఇచ్చేది ఇదే.
• మడమలు ఎత్తడం: రెండు మడమలూ ఎత్తి, మెల్లగా దించండి. 10 సార్లు.
• ఒంటికాలి మీద నిలబడటం: ఇది చివరి మెట్టు. మొదటి వారాల్లో చేయొద్దు. అనుమతి వచ్చాక, చేతులతో పట్టుకునే, కొన్ని సెకన్లతో మొదలుపెట్టండి.

ఎదురుగా అద్దం పెట్టుకుంటే నడుము ఒరుగుతోందో లేదో మీకే కనిపిస్తుంది. చేసిన తర్వాత కాసేపు సలుపు ఉంటే ఫర్వాలేదు. మర్నాటికి కూడా నొప్పి ఎక్కువగా ఉంటే తగ్గించి చేయండి. పూర్తి బలం రావడానికి నెలలు పడుతుంది. నొప్పి పోయింది కదా అని వ్యాయామం ఆపేస్తే కుంటు అలాగే మిగిలిపోతుంది.

ఇంట్లో ఏం మార్చాలి?

• కుంగిపోయే నులక మంచం, నవారు మంచం వద్దు. మోకాలి కంటే కాస్త ఎత్తుగా ఉండే గట్టి మంచం కావాలి.
• నేల మరుగుదొడ్డి అయితే కమోడ్ కుర్చీ పెట్టండి. స్నానానికి జారని గట్టి కుర్చీ వేయండి.
• గడపకు రంగు వేసి స్పష్టంగా కనిపించేలా చేయండి. జారే పట్టాలు, కాళ్లకు అడ్డుపడే వైర్లు తీసేయండి.
• చీర కుచ్చిళ్లు, లుంగీ అంచు పాదం కిందకు రాకూడదు. అరిగిన హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి.
• రాత్రి బాత్రూం దారిలో చిన్న లైటు వెలగనివ్వండి.

ఉచితంగా దొరికే సాయం

• ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేర్లతో నడుస్తోంది. మీ కేసుకు పథకం వర్తిస్తుందా అన్నది ఆపరేషన్‌కు ముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లండి. ఇంటికి వెళ్లే ముందు మందులు, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ, ఫిజియోథెరపీ సంగతి అడిగి కాగితం మీద రాయించుకోండి.
• ఊరికి దగ్గర్లోని జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం గురించి వాకబు చేయండి. ప్రతి వారం పెద్ద నగరానికి వెళ్లే ఖర్చు తప్పుతుంది.
• రాష్ట్రీయ వయోశ్రీ యోజన: ఈ కేంద్ర పథకం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభమైంది. 60 ఏళ్లు దాటి, వయసు వల్ల నడక ఇబ్బంది ఉన్న పేదవారికి చేతికర్రలు, వాకర్లు, మూడు లేదా నాలుగు కాళ్ల కర్రలు, చక్రాల కుర్చీలు శిబిరాల ద్వారా ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడో జిల్లా వృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి.
• పెద్దల హెల్ప్‌లైన్ 14567. ఒంటరిగా ఉంటున్న పెద్దవారు, చూసుకునే దిక్కులేనివారు దీనికి ఫోన్ చేయవచ్చు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు

• ఒక్కసారిగా విపరీతమైన నొప్పి వచ్చి, కాలు పొట్టిగా లేదా పక్కకు తిరిగినట్టు కనిపించడం, నిలబడలేకపోవడం. కాలు లాగి సరిచేయాలని చూడొద్దు, నాటు కట్టు కట్టించొద్దు.
• పిక్క వాచి, నొప్పిగా ఉండటం.
• ఆయాసం, ఛాతీలో నొప్పి.
• గాయం నుంచి చీము, నీరు కారడం, జ్వరం.
• పడిపోయిన తర్వాత, నొప్పి తక్కువగా ఉన్నా సరే, ఒకసారి చూపించుకోవాలి.

అంబులెన్స్‌కు 108, వైద్య సలహాకు, పథకం వివరాలకు 104.

ఇంటివారికి ఒక మాట: పెద్దవారు "మీకెందుకు శ్రమ" అని రాత్రిపూట ఒక్కరే లేచి వెళ్తుంటారు. ఎక్కువగా ప్రమాదం అక్కడే ఉంటుంది. మొదటి వారాల్లో పక్కన ఎవరో ఒకరు పడుకోండి, పిలిస్తే విసుక్కోకండి. ఈ పీడీఎఫ్‌ను తుంటి ఆపరేషన్ అయినవారి ఇళ్లకు పంపండి. చదవలేనివారికి చదివి వినిపించండి.