సెల్లార్‌లో నీళ్లా? ముందు సంపు చూడండి!

గట్టి వాన పడితే చాలు... అబిడ్స్, నాంపల్లి అపార్ట్‌మెంట్లలో అందరి బెంగా సెల్లార్‌లోని కారు, బండి గురించే. అక్కడే నేల కింద మీరు వాడే నీళ్ల సంపు ఉందన్న సంగతి చాలామందికి గుర్తు రాదు. బండి పాడైతే మెకానిక్ ఉన్నాడు. సంపులోకి మురుగు చేరితే మంచం పట్టేది ఇంటిల్లిపాదీ!

ఎందుకిలా?
ఈ ప్రాంతం హుస్సేన్‌సాగర్‌కూ మూసీకీ నడుమ ఉంది. వాన నీరు పల్లానికి, మూసీ వైపు పోవాలి. మ్యాన్‌హోళ్లు నిండితే ఆ నీరు ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకి దిగుతుంది. మురుగు పైపులోంచి వెనక్కి తన్నుతుంది. కాబట్టి అది వట్టి వాన నీరు కాదు.

నీళ్లు చేరగానే...
* కరెంటు ఆపకుండా నీళ్లలో కాలు పెట్టొద్దు. మెయిన్ స్విచ్ సెల్లార్‌లోనే ఉంటే విద్యుత్ సిబ్బందిని పిలవండి.
* డీజిల్ పంపు, జనరేటర్ లోపల నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, కానీ ప్రాణం తీస్తుంది.
* సంపు మోటారు వేయొద్దు. వేస్తే మురుగు పై ట్యాంకుకూ ఎక్కుతుంది. రెండూ ఖాళీ చేసి, కడిగించి, క్లోరిన్ కలిపాకే వాడండి. అప్పటిదాకా బయటి నుంచి తెచ్చిన నీళ్లైనా మరిగించి తాగండి. రోడ్డు మీద మురుగు పొంగుతుంటే జలమండలి 155313కు ఫోన్ చేయండి.

జ్వరం వస్తే...
మిగిలిపోయిన మడుగుల్లో వారం, పది రోజుల్లోనే డెంగీ దోమలు పుట్టుకొస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో తిరిగితే కాళ్ల పగుళ్లు, పుండ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. నెలలోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. నీళ్లలో తిరిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. సెల్లార్‌లోనే కాపురముండే వాచ్‌మన్ కుటుంబానికి ఈ ముప్పు అందరికన్నా ఎక్కువ. నీళ్లు ఎత్తిపోసే పని చెప్పే ముందు గమ్‌బూట్లు ఇవ్వండి. పిల్లలకు పైన పొడి చోటు చూపండి.

మళ్లీ వాన రాకముందే...
* ర్యాంపు పైన చిన్న గట్టు, దాని పక్కన జాలీ వేసిన కాలువ కట్టించండి.
* సెల్లార్ పల్లపు మూలలో గుంత తీయించి, నీరు చేరగానే దానంతటదే నడిచే పంపు పెట్టించండి.
* మురుగు పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ బిగించండి.
* సంపు మూత చుట్టూ అడుగు ఎత్తున గోడ కట్టించండి.

అసోసియేషన్ మీటింగులో రంగులు, లిఫ్టు సంగతి తర్వాత. ముందు ఈ లెక్క తేల్చండి.