పొగ మాన్పించే సందేశం: పేద శ్రామికులు, మైండ్‌ఫుల్‌నెస్, మొబైల్ ఫోన్

నగరం, రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల కూలీలకు, మత్స్యకారులకు బీడీ, చుట్ట కేవలం వ్యసనాలు కావు. పని మధ్య దొరికే విరామానికి సాకు కూడా. 2016-17 గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే ప్రకారం దేశంలో పొగరాని పొగాకు వాడేవారు 21.4 శాతం, పొగ తాగేవారు 10.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వరుస తారుమారవుతుంది.

పొగ కోసం పుట్టే యావను అణచకుండా, దానికి లొంగకుండా గమనించడమే ఇక్కడ మైండ్‌ఫుల్‌నెస్. గొంతులో, ఛాతీలో, వేళ్లలో యావ ఎలా తెలుస్తోందో ఊపిరిపై ధ్యాస నిలిపి చూస్తుంటే అది పెరిగి, కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. పాలీలో దీనికి మూలపదం ‘సతి’, సంస్కృతంలో ‘స్మృతి’. భట్టిప్రోలు స్తూపమున్న సీమకు ఈ భావన పరాయిది కాదు. అమెరికాలో జడ్సన్ బ్రూవర్ బృందం 88 మందిపై జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 17 వారాలకు ఈ శిక్షణ పొందినవారిలో 31 శాతం, మామూలు శిక్షణ పొందినవారిలో 6 శాతం పొగకు దూరంగా ఉన్నారు. అదే ఏడాది వెలువడిన బ్రిటన్ ‘టెక్స్ట్‌టుస్టాప్’ పరీక్షలో సుమారు 5,800 మంది పాల్గొన్నారు. ఆరు నెలల తర్వాత సందేశాలు అందుకున్నవారిలో 10.7 శాతం, ఇతరులలో 4.9 శాతం మానగలిగారు.

ఈ రెండు మార్గాలనూ కలిపినది క్లెయిర్ స్పియర్స్ బృందపు ‘ఐక్విట్ మైండ్‌ఫుల్లీ’ (2019). 71 మందికీ మైండ్‌ఫుల్‌నెస్ తరగతులు జరిగాయి. కొందరికి అదనంగా సందేశాలు వెళ్లాయి. మొత్తంమీద గణనీయమైన తేడా లేదు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారిలో మాత్రం సందేశాలు ఎక్కువ మేలు చేశాయి. ఇంత చిన్న ప్రయోగంపై పెద్ద నిర్ణయాలు నిలబడవు; అయినా ప్రశ్న సరైన చోటే పడింది.

భారత ప్రభుత్వం 2016లో ఎం-సెసేషన్ సందేశ సేవను, ఉచిత క్విట్‌లైన్‌ను (1800-11-2356) ప్రారంభించింది. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరును పొగాకు ప్యాకెట్లపై ముద్రిస్తున్నారు. అయితే బడ్డీకొట్టులో ఒకటీ రెండూ విడిగా కొనేవాడి చేతికి ప్యాకెట్ రాదు, నంబరూ రాదు. చదువురానివారికి అక్షర సందేశంకన్నా తెలుగు గొంతుతో వచ్చే కాల్ నయం. ఫోన్ ఇంటిల్లిపాదిదీ అయితే సందేశం ఎవరి కంటపడుతుందో చెప్పలేం. వేళ కూడా ముఖ్యమే: నాట్ల కూలీకి టీ విరామానికి కాస్త ముందు అందాలి, వేటకు వెళ్లేవాడికైతే పడవ రేవు విడవకముందే రావాలి, లోపలికి పోయాక సిగ్నల్ ఉండదు.