వడ్లున్న చోటే మిల్లు... మిల్లున్న చోటికే వడ్లు!

కోతలొచ్చాయంటే చాలు, మిర్యాలగూడ దారులన్నీ వడ్ల ట్రాక్టర్లతో నిండిపోతాయి. కోదాడ దాటి మేళ్లచెరువు వైపు వెళ్తే సిమెంటు లారీలు బారులు తీరి కనిపిస్తాయి. సూర్యాపేటలో ఏ అర్ధరాత్రి చూసినా హైవే మీద బస్సుల సందడే. పక్కపక్కనే ఉన్న ఈ మూడు పట్టణాల్లో ఒక్కోదానికి ఒక్కో బతుకుతెరువు ఎలా వచ్చింది? ఏ పని ఏ ఊళ్లో ఎందుకు పాతుకుపోతుందన్న ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. దేశాల మధ్య వ్యాపారాన్నీ, పరిశ్రమలు ఒకచోట పోగుపడే తీరునూ కలిపి వివరించినందుకే అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్‌కు 2008లో నోబెల్ బహుమతి దక్కింది.

బరువు చెప్పే లెక్క

జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెబర్ 1909లోనే ఓ సూత్రం చెప్పాడు. తయారీలో బరువు తగ్గిపోయే ముడిసరుకైతే ఫ్యాక్టరీ ఆ సరుకు దగ్గరే పెట్టుకోవాలని. క్వింటాలు వడ్లు ఆడిస్తే వచ్చే బియ్యం సుమారు 67 కిలోలు. మిగిలిన ఊకకీ తవుడుకీ కూడా లారీ కిరాయి కట్టి దూరం మోయడం ఎందుకు? సున్నపురాయి సంగతీ అంతే. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాల్లో కలిసిపోతుంది. అందుకే మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాల్లో రాయి ఉన్నచోటే సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి.

మిర్యాలగూడకు వడ్లు తెచ్చింది నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టు నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్టపొలాలు మాగాణి అయ్యాయి.

పెళ్లి కానుక చేసిన మాయ

అయితే వరి ఆయకట్టు అంతటా పండుతుంది కదా, మిల్లులన్నీ మిర్యాలగూడ చుట్టూనే ఎందుకు చేరాయి? ఇంగ్లండు ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో దీనికి మూడు కారణాలు చూపించాడు. పని తెలిసినవాళ్లు ఒకేచోట దొరుకుతారు. విడిభాగాలూ మరమ్మతులూ అందుబాటులో ఉంటాయి. ఒకరి మెలకువ పక్కవాడికి ఇట్టే తెలిసిపోతుంది. నలుగురు మిల్లర్లున్న చోటికి బాయిలర్ మెకానిక్ వస్తాడు, హమాలీలు వస్తారు, తవుడు కొనే నూనె మిల్లువాళ్లు వస్తారు. వాళ్లున్నారని అయిదో మిల్లు వస్తుంది. కొనేవాళ్లు ఎక్కువమంది ఉన్నారని రైతు దూరమైనా అక్కడికే ట్రాక్టరు తోలతాడు.

క్రుగ్‌మన్ లెక్కగట్టి చూపింది ఈ చక్రాన్నే. దానికి ఆయన చెప్పిన ఉదాహరణ అమెరికాలోని డాల్టన్. 1895లో అక్కడ కేథరిన్ ఇవాన్స్ అనే అమ్మాయి పెళ్లి కానుకగా కుచ్చుల దుప్పటి ఒకటి కుట్టింది. ఇరుగుపొరుగు ముచ్చటపడి అడిగారు, నేర్చుకున్నారు. ఆ పనితనమే పెరిగి పెరిగి ఆ చిన్న ఊరిని తివాచీల రాజధానిని చేసింది!

రోడ్డు రెండువైపులా నడుస్తుంది

మరి సూర్యాపేట? హైదరాబాద్‌కూ విజయవాడకూ దాదాపు నడిమధ్యన, అటూ ఇటూ సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉండటమే దాని పెట్టుబడి. హోటళ్లు, మెకానిక్ షెడ్లు, వ్యాపారాలు ఆ రోడ్డు మీదే పెరిగాయి. కానీ క్రుగ్‌మన్ 1991లో రాసిన పరిశోధన ఓ హెచ్చరికా చేస్తుంది. రవాణా ఖర్చు బాగా ఎక్కువైతే ఏ ఊరి సరుకు ఆ ఊళ్లోనే తయారవుతుంది. ఖర్చు తగ్గేకొద్దీ ఫ్యాక్టరీలు పెద్ద మార్కెట్ ఉన్న నగరానికి చేరి, అక్కణ్నుంచే అందరికీ సరుకు పంపుతాయి. అంటే మంచి రోడ్డు మన సరుకును నగరానికి చేర్చినట్టే, నగరం సరుకును మన వీధిలోకీ తెస్తుంది. చదువుకున్న పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్లేదీ ఆ రోడ్డే.

ఒకే పంటను నమ్ముకున్న ఊరికీ చిక్కులున్నాయి. 2024 సెప్టెంబరు వరదల్లో కోదాడ సమీపంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. కాలువకు ఏమైనా అయితే ఆ దెబ్బ పొలంతో ఆగదు. మిల్లుకూ, హమాలీ కూలికీ, మెకానిక్ షెడ్డుకూ తగులుతుంది.

వీటి నుంచి కాచుకునే దారి కూడా ఆ పరిశోధనల్లోనే ఉంది. నగరం తేలిగ్గా ఎత్తుకుపోలేనివి రెండే... నేలలో ఉన్న సరుకూ, తరాలుగా చేతికి అబ్బిన పనీ. బియ్యంతో ఆగకుండా తవుడు నూనె, ఊకతో కరెంటు, మిల్లు యంత్రాల తయారీ వంటివి ఎన్ని ఎక్కువగా ఇక్కడే జరిగితే, హైదరాబాద్ బస్సెక్కాల్సిన పిల్లలు అంత తగ్గుతారు.